రెండో నాటక సమాజం పెట్టాలా, వద్దా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళడం కుదరలేదు. సరిగ్గా ఆ వారమే రిలీజు పెట్టారు. భోగినాడు మధ్యాహ్నం మా బావ ఫోను చేశాడు. "ఏటి బావా, పండక్కెలాగూ రాలేదు, నాటకం చందా అయినా పంపించు" అన్నాడు. మాది టెక్కలి దాటాక ఉద్దానం వైపు ఊరు. కొబ్బరి, జీడి, ఇసక నేల. మా ఊళ్ళో అమ్మవారి సంబరానికి ప్రతీ ఏడూ కురుక్షేత్రం ఆడతారు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం తలా కొంచెం పంపిస్తాం. ఇందులో కొత్తేం లేదు.

కొత్త సంగతేంటంటే, ఈసారి మావాడు చందా అడిగి అక్కడితో ఆపలేదు. "కుర్రోళ్ళు ఏరే సమాజం ఎట్టీస్తామంటన్నారు. ఆళ్ళు కూడా నీకు ఫోన్ సేస్తారు. నువ్వేటంటావు?" అన్నాడు.

విషయం ఇదీ. ఊళ్ళో డిగ్రీలు చదివే కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలతో సహా, ఓ పది పన్నెండు మంది కలిసి ఒక నాటకం రాసుకున్నారట. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చే ఒక తండ్రి కథ. ఉద్దానం సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్ళుగా కిడ్నీ జబ్బుతో మనుషులు పోతున్న ప్రాంతం అది. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి గానీ, జబ్బు ఎందుకొస్తోందన్న ప్రశ్న ఇంకా పూర్తిగా తేలలేదు. కుర్రాళ్ళు ఆ నాటకం సంబరంలో ఆడతామంటే పెద్దలు ఒప్పుకోలేదు. "పండగ పూట ఆ ఏడుపు ఎందుకురా" అన్నారట. దాంతో వీళ్ళకి రోషం వచ్చింది. మీ సమాజం మీదే, మా సమాజం మాదే అన్నారు.

మాట్టాడినంత సేపూ బావ ఎటూ మొగ్గలేదు. ఆఖర్న మాత్రం ఒక మాటన్నాడు. "ఆర్మొణీ వాయించీవోడు ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు బావా. డెబ్బై దాటీసినాయి. ఆయన్ని రెండు ముక్కలు సెయ్యలేం కదా."

ఆ మాట పట్టుకుని ఆ వారాంతమంతా ఆలోచిస్తూ కూర్చున్నాను. పాత్రలు కట్టే మనుషులు ఒకచోట చేరి ఒక గుంపు కట్టాక, అందులోంచి రెండో గుంపు ఎప్పుడు పుట్టాలి? ఎప్పుడు పుట్టకూడదు? ఇది మా ఊరి గొడవ మాత్రమే కాదు. మన తెలుగు నాటకం పుట్టిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న ఉంది. దానికి జవాబులు కూడా ఉన్నాయి. కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇలాంటి సంగతి చెప్పగానే మొదట తట్టేది ఫోర్క్ కొట్టడం. నచ్చలేదా, కోడు కాపీ చేసుకో, నీ దారి నువ్వు చూసుకో. కంప్యూటర్ల మీద పాత్రలు కట్టి ఆడే ఆటల్లో అచ్చంగా ఇదే జరిగింది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన మడ్ ఈ జాతికంతటికీ మూలపురుషుడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఒకడు మంత్రగాడు, ఒకడు వీరుడు, అందరూ కలిసి ఒకే లోకంలో తిరుగుతారు. తర్వాత 1991లో కోపెన్‌హాగెన్ యూనివర్సిటీ విద్యార్థులు డీకూమడ్ అని ఒకటి రాసి కోడు బయటపెట్టేశారు. ఇంకేముంది! ఎవడికి కోపం వచ్చినా సొంత మడ్డు పెట్టేయడమే. పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. చాలావాటిలో అదే ఊరు, అవే రాక్షసులు, అవే కత్తులు. మార్పేమిటంటే పైన యజమాని పేరు. అలాంటివాటికి 'స్టాక్ మడ్' అని వెక్కిరింపు పేరు కూడా వచ్చింది. కోడు కాపీ చెయ్యడానికి ఒక్క పూట చాలు. ఆడటానికి రోజూ వచ్చే మనుషుల్ని కాపీ చెయ్యలేం. మా బావ హార్మోనిస్టు గురించి చెప్పింది కూడా ఇదే కదా. ఆయనకి కోపెన్‌హాగెన్ ఎక్కడుందో తెలీకపోవచ్చు గానీ :-)

సరే, మన సంగతికొద్దాం. రెండో సమాజం, మూడో సమాజం, పదో సమాజం పెట్టుకుంటూ పోయినా బతికిన వాళ్ళెవరైనా ఉన్నారా అంటే, ఉన్నారు. సురభి వాళ్ళు.

సురభి కథ చాలామందికి కొంత తెలిసే ఉంటుంది. తోలుబొమ్మలాట ఆడుకునే ఆరె మరాఠీ కుటుంబాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు, ఆయన వాళ్ళూ బొమ్మల్ని పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. ఆ ఊరి పేరే వాళ్ళ పేరైపోయింది. ఆ రోజుల్లో నాటకాల్లో ఆడ వేషాలు మగవాళ్ళే కట్టేవారు. సురభిలో మాత్రం ఆడవాళ్ళ వేషాలు ఇంట్లో ఆడవాళ్ళే కట్టారు. కుటుంబమే కంపెనీ. పిల్లలు పెద్దయి, పెళ్ళిళ్ళయి, కుటుంబం పెరిగేకొద్దీ ఒక్కో శాఖ ఒక్కో సమాజంగా విడిపోయింది. ఒక దశలో సురభి సమాజాల సంఖ్య పదుల్లోకి వెళ్ళింది.

ఇందులో మన ఉత్తరాంధ్రకి దగ్గరైన కొమ్మ ఒకటుంది. ఇప్పటికీ ఆడుతున్న సురభి సమాజాల్లో బాగా పేరున్నది శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. అది పుట్టింది కడపలో కాదు, హైదరాబాదులోనూ కాదు. 1937లో, జిమిడిపేటలో! విజయనగరం నుంచి రాయగడ వెళ్ళే రైలు దారిలో, ఆంధ్ర ఒరిస్సా సరిహద్దులో ఉంటుంది ఆ ఊరు. స్థాపించినాయన రేకందార్ చిన వెంకటరావు. ఆయన కొడుకు నాగేశ్వరరావు, అంటే మనందరికీ తెలిసిన సురభి బాబ్జీ, ఆ మండలిని దశాబ్దాల పాటు నడిపాడు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో పోయారు.

ఒక్కసారి ఆలోచించండి. ఎక్కడి కడప, ఎక్కడి జిమిడిపేట! మొదటి సమాజం పుట్టిన యాభై రెండేళ్ళకి, తెలుగు నేలకి ఆ చివర్నుంచి ఈ చివరికొచ్చి కొత్త సమాజం పెట్టడం అంటే, మొదటివాళ్ళ వీధిలోనే పోటీ పందిరి వెయ్యడం లాంటిది కాదు. కొత్త సమాజానికి కొత్త దారి కావాలన్నది ఇందులో మొదటి పాఠం. ప్రేక్షకులు వేరు, ఊళ్ళు వేరు. ఒకళ్ళ కూడు ఒకళ్ళు లాక్కునే పని కొంతైనా తగ్గుతుంది.

రెండో పాఠం ఇంకా ముఖ్యం. సురభిలో పుట్టిన పిల్లాడు నడక రాకముందే స్టేజీ ఎక్కుతాడు. కాస్త పెరిగితే లోహితాస్యుడు, ప్రహ్లాదుడు. ఇంకాస్త పెరిగితే కృష్ణుడు. తర్వాత ఏ వేషమైనా. మధ్యలో తెరలు లాగడం, లైట్లు వెయ్యడం, గాల్లో ఎగిరే పాత్రని తీగల మీద నడపడం, హార్మోనియం, తబలా, అన్నీ వచ్చేస్తాయి. ఒక శాఖ విడిపోయి వెళ్ళిపోతే, వెళ్ళినవాళ్ళకీ అన్నీ వచ్చు, ఉన్నవాళ్ళకీ అన్నీ వచ్చు. ఎవరి దగ్గరా ఖాళీ మిగలదు. మన భాషలో చెప్పాలంటే ఏ ఒక్కడి మీదా సిస్టమ్ మొత్తం ఆధారపడి లేదు. అంచేత విడిపోవడం వాళ్ళని చంపలేదు, పెంచింది. తర్వాత సినిమా, టీవీ వచ్చి దెబ్బ కొట్టాయి. ఇప్పుడు మిగిలిన సమాజాల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ అది విడిపోవడం వల్ల వచ్చిన చావు కాదు.

కానీ సురభి లెక్క కుటుంబం లెక్క. మా ఊరి కుర్రాళ్ళది అలా కాదు. వాళ్ళు వెళ్ళేది వేరే ఊరికీ కాదు, అదే ఊళ్ళో, అదే రామమందిరం ఎదురుగా ఆడతామంటున్నారు. మరి ఒకే ఊళ్ళో రెండు సమాజాలు బతికాయా?

బతికాయి. బళ్ళారిలో.

ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్ళారి అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేది. అక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) అని ఒక ప్లీడరు. ఈయన సరసవినోదిని సభ పెట్టి, 'చిత్రనళీయం', 'విషాద సారంగధర', 'భక్త ప్రహ్లాద' లాంటి నాటకాలు తనే రాసి, ఆడించి, తనే వేషాలు కట్టాడు. నాటకంలో పాటలు పెట్టడం, విషాదంతో ముగించడం తెలుగులో ఈయనతోనే గట్టిగా మొదలయ్యాయంటారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఊరికే రాలేదు. అన్నట్టు, మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ఉంది చూశారూ, దానికి ఆధారం ఈయన రాసి, సురభి వాళ్ళు ఆడిన నాటకమే. అందులో లీలావతి వేసింది సురభి కమలాబాయి. అంటే ఒక సమాజం రాసుకున్నదాన్ని ఇంకో సమాజం ఆడితే ఎవరి సొమ్మూ పోలేదన్నమాట.

అదే బళ్ళారిలో, ఇంచుమించు అదే వయసున్న ఇంకో ప్లీడరు, కోలాచలం శ్రీనివాసరావు (1854-1919). ఈయన సుమనోరమ సభ అని రెండో సమాజం పెట్టాడు. ఒకే ఊరు, ఒకే కోర్టు, రెండు నాటక సభలు. ఊళ్ళో జనం రెండు పక్షాలై కొట్టుకు చావాల్సిందే కదా? పోటీ ఉందన్నది నిజమే. కానీ ఆ పోటీలోంచి పుట్టిందేమిటో చూడండి. ధర్మవరం వారిది ప్రధానంగా పురాణం, కరుణ, సంగీతం. కోలాచలం వారు చరిత్ర పట్టుకున్నారు. విజయనగర సామ్రాజ్యం కూలిపోవడాన్ని 'రామరాజు చరిత్ర'గా రాశారు. ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే అచ్చువేశారు. చారిత్రక నాటక పితామహుడని పేరు పడ్డారు. ఒకే ఊరి రెండు సభల్లోంచి తెలుగుకి ఇద్దరు పితామహులు దొరికారు!

ఇంకా తమాషా ఏంటంటే, బళ్ళారి రాఘవ (1880-1946) ధర్మవరం వారికి స్వయానా మేనల్లుడు. మేనమామ నీడలో పెరిగిన ఆ కుర్రాడికి ఊరూరా పేరు తెచ్చిన పాత్రల్లో ఒకటి పఠాన్ రుస్తుం. అది కోలాచలం వారి 'రామరాజు చరిత్ర'లోది. మేనమామ సమాజంలో ఆ పాత్రే లేదు, ఎందుకంటే అక్కడ ఆ నాటకమే లేదు. రెండో సమాజం లేకపోతే రాఘవకి రుస్తుం దొరికేవాడు కాదు.

అంచేత బళ్ళారి చెప్పే పాఠం ఇదీ. ఒకే ఊళ్ళో రెండోది పెట్టొచ్చు. కానీ మొదటిది ఆడనిది, ఆడలేనిది ఏదో రెండోదాని దగ్గర ఉండాలి. ఉత్త కోపం ఉంటే సరిపోదు. కోపం ఒక సంబరం దాకా పనికొస్తుంది, రెండో సంబరానికి నాటకం కావాలి.

ఇక చెడ్డ జవాబు. దీన్ని చెడ్డది అనడానికి నాకే నోరు రావడం లేదు, ఎందుకంటే చిన్నప్పుడు రావివలస ఎండల మల్లన్న జాతరకెళ్ళినా, చుట్టుపక్కల ఏ సంబరానికెళ్ళినా తెల్లార్లూ కళ్ళార్పకుండా చూసింది ఇలాంటి నాటకాలనే. కాంట్రాక్టు నాటకాలు!

తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు, వాటిలోంచి కూర్చిన కురుక్షేత్రం, మన జనానికి కంఠతా వచ్చేశాక, ఒక చిత్రం జరిగింది. జనం నాటకానికి రావడం మానేసి నటుడి కోసం రావడం మొదలెట్టారు. ఫలానా ఆయన కృష్ణుడు, ఫలానా ఆయన అర్జునుడు. అది చూసి కాంట్రాక్టర్లు దిగారు. ఈ సమాజం నుంచి కృష్ణుణ్ణి, ఆ సమాజం నుంచి దుర్యోధనుణ్ణి, ఇంకో ఊర్నుంచి కర్ణుణ్ణి, ఒక్క రాత్రికి మాట్లాడి తెచ్చేవారు. రిహార్సలు లేదు. మొహాలు చూసుకునేది మేకప్పు దగ్గరే. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. ఒక పద్యం పాడితే 'వన్స్‌మోర్'. రాగం పొద్దెక్కేదాకా సాగుతుంది. అందులో గొప్ప గొప్ప నటులున్నారు. మన వైపు కృష్ణుడంటే పీసపాటి నరసింహమూర్తి గారే గుర్తొస్తారు, ఆయన గొప్పదనానికి ఎవరూ వంక పెట్టరు.

మరి నష్టం ఎవరికి? వెనకాల వదిలేసిన సమాజానికి. కృష్ణుడు వెళ్ళిపోయాక ఆ ఊళ్ళో మిగిలింది సహదేవుడు, ప్రాంప్టరు, తెర లాగేవాడు, డ్రెస్సుల పెట్టె. వాళ్ళతో నాటకం ఆడలేం. కొత్త కృష్ణుణ్ణి తయారుచేసే ఓపికా లేదు, ఎందుకంటే తయారైన మర్నాడే వాణ్ణీ ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. సురభిలో ఒక శాఖ వెళ్తే మొత్తం కుటుంబంతో వెళ్ళింది. కాంట్రాక్టులో మంచి ముక్క ఒక్కటే వెళ్ళింది. మొదటిది చెట్టుకి అంటు కట్టడం. రెండోది కాయలు కోసుకుపోవడం. ఊరి సమాజాలు ఒక్కొక్కటే మూతపడటానికి సినిమా ఎంత కారణమో, ఇదీ అంత కారణమే అని నాకనిపిస్తుంది.

కాబట్టి రెండోది పెట్టేవాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎందుకు వెళ్తున్నారు" కాదు. "ఎవర్ని తీసుకెళ్తున్నారు, వాళ్ళు లేకపోతే మొదటిది నిలబడుతుందా" అని అడగాలి.

ఇక్కడ ఇంకో దారి కూడా ఉంది. దాన్ని చూపించినాయన మనకి పక్కనే విజయనగరంలో ఉన్నారు. 1892 ఆగస్టులో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. జనం మెచ్చుకున్నారు. ఇంకొకరైతే అక్కడితో తృప్తి పడేవారు. గురజాడ మాత్రం దాన్ని మళ్ళీ పట్టుకుని, విప్పేసి, పెంచి, పాత్రల్ని తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఇప్పుడు చదివేది, చూసేది, గిరీశాన్నీ మధురవాణినీ తలుచుకునేది ఆ 1909 నాటకంలోంచే. మొదటిదాంట్లో లోపం కనిపిస్తే పక్కన కొత్త కొట్టు తెరవాలనేం లేదు. అదే నాటకానికి రెండో వెర్షను రాయొచ్చు. పైగా అది పురాణం కాదు. తన జిల్లాలో, తన కాలంలో, కళ్ళెదురుగా పసిపిల్లల్ని ముసలాళ్ళకి అమ్ముకుంటున్న రోగం గురించి రాసిన నాటకం. నవ్వించాడు కూడా. పండగ పూట ఆ ఏడుపు ఎందుకని గురజాడని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలీదు గానీ, అడిగినా ఆయన దగ్గర గిరీశం ఉన్నాడు!

ఇన్నీ ఆలోచించాక మా ఊరికొచ్చాను.

పెద్దల మాట మొదట నాకు మొండితనంగానే అనిపించింది. తర్వాత కొంచెం నిదానంగా చూస్తే దాన్లో ఒక న్యాయం కనబడింది. ఏడాదంతా రిపోర్టులు, క్రియాటినిన్ నెంబర్లు, ఆసుపత్రి బస్సులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఇరవై ముప్పై ఏళ్ళు పెంచిన చెట్లవి. అలాంటి చోట, ఏడాదికొక్క రాత్రి కృష్ణుడొచ్చి చెల్లియో చెల్లకో అని రాయబారం నడుపుతుంటే, ఆ రాత్రన్నా వేరే లోకంలో ఉందామనుకోవడం తప్పు కాదు. పాత్రలు కట్టడం, చూడటం అన్నది అందుకూ ఉంది.

కుర్రాళ్ళదీ న్యాయమే. ఊళ్ళో ప్రతీ ఇంట్లోనూ ఉన్న సంగతి స్టేజీ మీద ఒక్కసారి కూడా కనబడకపోతే, ఆ స్టేజీ ఎవరిది? పైగా ఆ ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకి ఇప్పుడున్న సమాజంలో చోటే లేదు. ద్రౌపది వేషానికి బయట్నుంచి ఆర్టిస్టుని మాట్లాడుకొస్తారు గానీ, ఊరి పిల్లకి ఇవ్వరు. సురభి వాళ్ళు నూట ముప్పై ఏళ్ళ క్రితం దాటేసిన గడప అది!

అంటే బళ్ళారి కొలతలో చూస్తే కుర్రాళ్ళు నెగ్గారు. వాళ్ళ దగ్గర మొదటి సమాజం ఆడని నాటకం ఉంది, మొదటి సమాజంలో చోటు లేని మనుషులున్నారు. కాంట్రాక్టు కొలతలో మాత్రం ఓడిపోయేలా ఉన్నారు. హార్మోనియం ఒక్కటే. దాన్ని వీళ్ళు లాక్కుంటే కురుక్షేత్రం ఆగిపోతుంది.

ఈ ముడి ఎలా విప్పాలా అని ఆలోచిస్తుంటే, జవాబు మా పక్క ఊళ్ళోనే ఉందని తట్టింది. బొడ్డపాడు. అక్కడ గుళ్ళో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో జముకుల కథని పట్టుకున్నాడు. ఉత్తరాంధ్రలో ఎల్లమ్మ కథలూ అవీ చెప్పుకునే పాత రూపం అది. ఆ పాత రూపంలోకి ఆయన తన రోజుల రైతు గొడవల్ని తెచ్చి ఊరూరా చెప్పాడు. శ్రీకాకుళ ఉద్యమంలో కలిసి, 1969 డిసెంబరులో పోలీసుల ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. ఆయన రాజకీయాలతో మీరు ఏకీభవించక్కర్లేదు, నాకూ చాలా పేచీలున్నాయి. నేను చూస్తున్నది పనితనం ఒక్కటే. జముకుల కథకి ఏం కావాలి? ప్రధానంగా కథ చెప్పేవాళ్ళొకరు, వంతలు ఇద్దరు, ఒక జముకు. తీగ బిగించిన చిన్న వాద్యం, చంకలో పెట్టుకుని మీటడమే. హార్మోనియం అక్కర్లేదు. తెరలక్కర్లేదు. డ్రెస్సు కంపెనీ వాడికి అడ్వాన్సు అక్కర్లేదు. కృష్ణుణ్ణి ఎవరి దగ్గర్నుంచీ ఎత్తుకు రానక్కర్లేదు. అరుగు మీద నిలబడి చెప్పొచ్చు. మనకి బాగా అలవాటైన మాటలో చెప్పాలంటే, మొదటి సమాజం వాడుకునే వనరులేవీ ముట్టుకోకుండా నడిచే రెండో సమాజం!

సాయంత్రం కుర్రాళ్ళే ఫోను చేశారు. వాళ్ళలో నాటకం రాసిన అమ్మాయి మాట్లాడింది. నాకు వరసకి మేనకోడలు. "మావయ్యా, నువ్వు మాకే పంపించాలి, ఆళ్ళకి కాదు" అంది ముందే. నేను సురభి, బళ్ళారి, గురజాడ అంటూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పాపం ఓపిగ్గా వింది. జముకుల కథ అనగానే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా తాత సెప్పీవోడంట ఎల్లమ్మ కథ. జముకు అటక మీద ఉందేమో సూడాలి" అంది.

"సంబరం రాత్రి వద్దమ్మా. ఆ రాత్రి వాళ్ళది. మర్నాడు సాయంత్రం చెప్పండి. హార్మోనియం మేష్టార్ని లాగొద్దు. ఆయన్ని కూర్చోబెట్టి మీ వాళ్ళు ఇద్దరు నేర్చుకోండి, అది వేరే సంగతి" అన్నాను.

"నేర్సుకుంటే రెండు సమాజాలకీ పనికొస్తారు కదా" అంది. నేను అరగంట చెప్పిన సురభి పాఠాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ రాత్రి రెండుసార్లు డబ్బు పంపాను. ఎప్పుడూ పంపే చందా, పైసా తగ్గించకుండా, బావకి. అందులోంచి కోయకుండా, వేరేగా, ఇంకో మొత్తం మేనకోడలికి. రెండో సమాజానికి ఇచ్చేది మొదటిదాని వాటాలోంచి ఇవ్వకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. రెండూ నిలబడితే ఇదే నియమం, ఒకటే నిలబడినా ఇదే నియమం.

బావకి సంగతి చెప్తే నవ్వాడు. "ఐతే మర్నాడు సాయంత్రం కూడా తెల్లార్లూ కూకోవాలన్నమాట" అన్నాడు. వింటాడా, ఏడుస్తాడా, మధ్యలో లేచి వెళ్ళిపోతాడా తెలీదు. మా అత్తకి డయాలసిస్ మొదలై రెండేళ్ళయింది. కథ ఎవరిదో ఆయనకి ముందే తెలుసు.